కూలింగ్‌లో ఉన్న పసిబిడ్డ మెదడు రక్తప్రవాహం: కాంతి పరికరాల్లో ఏది ఎవరికి

పుట్టగానే ఏడవక, ఊపిరి అందక మెదడు దెబ్బతిన్న బిడ్డను కూలింగ్‌లో, అంటే మెదడును కాపాడడానికి ఒంటిని చల్లబరచే చికిత్సలో, పెట్టారు. రెండో రోజు మానిటర్ మీద మెదడు ఆక్సిజన్ 90 చూపిస్తోంది. అద్దం అవతల నిలబడ్డ అమ్మమ్మకు ప్రాణం లేచొస్తుంది, డ్యూటీ నర్సుకూ ధైర్యం కలుగుతుంది. కానీ ఆ దశలో 90 చాలాసార్లు చెడ్డ కబురే. మెదడు కణాలు ఆక్సిజన్ వాడుకోవడం మానేస్తే, ధమనిలో వచ్చింది వచ్చినట్టే సిరలోకి వెళ్లిపోతుంది. వాడకం పడిపోయినందుకు మిగులు పెరుగుతుంది, ఆ మిగులే తెర మీద పెద్ద అంకెగా కనబడుతుంది.

పరికరం కొనేవాళ్లు ముందుగా తేల్చుకోవలసింది ఇక్కడే ఉంది. మనకు తెలియాల్సింది ఆక్సిజన్ మిగులా, రక్తప్రవాహమా, మెదడు నిజంగా ఖర్చు పెడుతున్న ఆక్సిజనా? మూడింటికీ మూడు రకాల ఏర్పాట్లు. ఒకటి కొని రెండోదాని జవాబు దాన్నుంచి లాగాలని చూస్తే బిడ్డకు నష్టం.

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కొరాపుట్ వైపు, అలాగే మహారాష్ట్రలోని సిరోంచ, బల్లార్షా, కిన్వట్, ధర్మాబాద్ వైపు ఎస్‌ఎన్‌సీయూల్లో (జబ్బుపడ్డ పసిబిడ్డల ప్రత్యేక వార్డుల్లో) పనిచేసే డాక్టర్లు, నర్సులు, బయోమెడికల్ ఇంజనీర్లు, అక్కడి బిడ్డలు చివరికి చేరే మెడికల్ కాలేజీల వాళ్లు ఈ పోలికను వాడుకోవచ్చు.

ముందు కూలింగ్ గురించి నాలుగు ముక్కలు

36 వారాలు నిండిన బిడ్డ అయివుండాలి. మొదటి గంటలో తీసిన రక్తంలో పీహెచ్ 7.0 లేదా అంతకంటే తక్కువ, లేదా బేస్ డెఫిసిట్ (రక్తంలో ఆమ్లం ఎంత పేరుకుందో చెప్పే కొలత) 16 లేదా ఎక్కువ ఉండాలి. లేకపోతే పదో నిమిషంలో ఆప్గార్ (పుట్టిన బిడ్డ పరిస్థితికి పదికి వేసే మార్కు) 5 దాటకపోవడమో, అప్పటికీ ఊపిరికి బ్యాగ్ పట్టాల్సి రావడమో కనబడాలి. వీటికి తోడు మధ్యస్థ లేదా తీవ్ర ఎన్‌సెఫలోపతి (మెదడు పనితీరు దెబ్బతినడం) లక్షణాలు ఉండాలి. పుట్టిన 6 గంటల్లోపు మొదలుపెట్టి, లోపలి ఉష్ణోగ్రతను 33 నుంచి 34 డిగ్రీల మధ్య 72 గంటలు ఉంచుతారు. ఆపైన గంటకు 0.5 డిగ్రీకి మించకుండా మెల్లగా వేడెక్కిస్తారు.

మన దేశానికి సంబంధించి మరో మాట దాచకుండా చెప్పాలి. భారత్, బంగ్లాదేశ్, శ్రీలంకల్లో 408 మంది బిడ్డలతో జరిగిన హెలిక్స్ పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి. కూలింగ్ ఇచ్చిన గుంపులో మరణం లేదా వైకల్యం తగ్గలేదు, మరణాలైతే పెరిగాయి: 42 శాతం, మామూలు సంరక్షణలో 31 శాతం. కాబట్టి కనీసం వెంటిలేటర్, బ్లడ్ గ్యాస్, ఈఈజీ (మెదడు విద్యుత్ కదలికలను గీసే పరీక్ష), రాత్రిపూట కూడా నియోనేటాలజిస్టు (పసిబిడ్డల వైద్యుడు) ఉన్న చోట తప్ప కూలింగ్ మొదలుపెట్టకూడదు. పరికరాల ఎంపిక ఆ గడప దాటిన తర్వాతి మాట.

చలి మెదడు ఖర్చునే మారుస్తుంది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గితే మెదడు ఆక్సిజన్ వాడకం సుమారు 6 నుంచి 7 శాతం తగ్గుతుంది. 37 నుంచి 33.5కి దింపితే ఖర్చులో నాలుగో వంతుకు కాస్త తక్కువ తగ్గుతుంది. ఖర్చు తగ్గితే రక్తప్రవాహం కూడా తగ్గడం ఆరోగ్యమైన మెదడు లక్షణం. అందుకే కూలింగ్‌లో ప్రవాహం తగ్గిందని కంగారుపడక్కర్లేదు. ఖర్చు బాగా పడిపోయి, ప్రవాహం మాత్రం పొంగుతుంటే కంగారుపడాలి. దాని అర్థం రక్తనాళాలు తమ అదుపు తప్పాయని.

నిర్స్ ఆక్సిమీటర్: అందుబాటులో ఉన్నది, ఎక్కువగా అపార్థమయ్యేది

నిర్స్ అంటే నియర్ ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోస్కోపీ. 700 నుంచి 900 నానోమీటర్ల మధ్య కాంతి చర్మాన్ని, పుర్రెను దాటి మెదడు పైపొర దాకా వెళ్లి తిరిగొస్తుంది. ఇది బతికున్న మెదడులో సాధ్యమని 1977లో యోబ్సిస్ చూపించాడు. ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్, మోయనిది ఈ కాంతిని వేర్వేరుగా పీల్చుకుంటాయి, దాని నుంచి శాతం లెక్కకడతారు. ఇన్‌వోస్, ఫోర్‌సైట్, నైరో వంటివన్నీ ఈ కుటుంబమే. నుదుటి మీద అంటించే సెన్సర్ ఒకటి, మంచం పక్కన మానిటర్ ఒకటి. 72 గంటలు ఆగకుండా నడుస్తుంది, నర్సు ఒక్క షిఫ్టులో నేర్చుకోగలదు.

ఇది చూపేది ధమని, సిర, కేశనాళికల మిశ్రమం, అందులో సిరల వాటాయే ఎక్కువ. రక్తప్రవాహాన్ని ఇది కొలవదు. అందుకే ఆ అంకెను ఒంటరిగా చదవకూడదు, పల్స్ ఆక్సిమీటర్ అంకెతో కలిపి వాడకం వాటా లెక్కించాలి: ధమని శాతంలోంచి మెదడు శాతం తీసేసి, వచ్చినదాన్ని ధమని శాతంతో భాగించాలి. ధమని 98, మెదడు 72 అయితే వాడకం వాటా 0.27. ధమని 98, మెదడు 88 అయితే 0.10, అంటే వందలో పది మాత్రమే మెదడు తీసుకుంటోంది. మొదటి 24 గంటలు దాటాక వాటా ఇలా అడుగున పడివుండి, ఈఈజీ కూడా చదునుగా ఉంటే ఆశలు తగ్గించుకోవాల్సిన సమయం. చలిలో హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి మిగులు కొంత పెరగడం సహజమే. గంట గంటకూ గీత ఎటు పోతోందో చూడాలి, ఒక్క అంకెను పట్టుకుని తీర్పు చెప్పకూడదు.

పల్స్ ఆక్సిమీటర్ కుడి చేతికే పెట్టాలి. ఇలాంటి బిడ్డల్లో ఊపిరితిత్తుల రక్తపోటు తరచుగా ఉంటుంది. అప్పుడు డక్టస్ (గుండె దగ్గర పుట్టుకకు ముందు తెరిచి ఉండే నాళం) గుండా ఆక్సిజన్ తక్కువున్న రక్తం కాళ్లకు వెళ్తుంది, మెదడుకు వెళ్లేది కుడి చేతికి వెళ్లే రక్తమే. కాలికి పెట్టిన ఆక్సిమీటర్‌తో లెక్కిస్తే వాడకం వాటా తప్పుగా తక్కువొస్తుంది. చలికి చెయ్యి ముడుచుకుపోయి సిగ్నల్ రాకపోతే అరచెయ్యికో మణికట్టుకో మార్చండి, ఎడమ చేతికి మాత్రం మార్చకండి.

సెన్సర్ అంటించే చోట జరిగే పొరపాట్లు చాలా. మన ఇళ్లలో పుట్టిన కాసేపటికే పెట్టే దిష్టిచుక్క వాటిలో మొదటిది. కాటుకలో ఉండేది మసి, అది ఈ కాంతిని మొత్తం మింగేస్తుంది. చుక్క మీద సెన్సర్ పడితే అంకె రాదు, లేదా అర్థంలేని అంకె వస్తుంది. మాడుకు రాసిన ఆముదం నుదుటి దాకా జారితే సెన్సర్ అంటదు, అంచు లేచి బయటి వెలుగు దూరుతుంది. ఇంటివాళ్లను కోప్పడకుండా, తడి దూదితో తుడిచి, ఆరాక అంటించండి. దిష్టిచుక్క అరికాలికి పెట్టమంటే ఎవరూ కాదనరు.

తల చర్మం కింద నెత్తురు వాపు, కాపుట్ (కాన్పులో తల చర్మానికి వచ్చే నీటి వాపు) ఉన్నవైపు పెట్టకూడదు, కాంతి ఆ వాపులోనే తిరిగి వచ్చేస్తుంది. నుదుటి నట్టనడుమ కూడా వద్దు, లోపల పెద్ద సిర ఉంటుంది. జుట్టు మొదలయ్యే గీత కింద, ఒక పక్కకు పెట్టాలి. నీలి వెలుగు ఫొటోథెరపీ నడుస్తుంటే పైన నల్ల గుడ్డ కప్పాలి. చల్లబడ్డ చర్మానికి రక్తం తక్కువ అందుతుంది కాబట్టి ప్రతి మూడు నాలుగు గంటలకూ అంచు ఎత్తి ఎర్రబడిందేమో చూడాలి.

కొనేటప్పుడు అమ్మేవాడిని అడగాల్సినవి మూడు. సెన్సర్ పసిబిడ్డలదేనా? పెద్దవాళ్ల సెన్సర్‌తో పోలిస్తే పసిబిడ్డల సెన్సర్ దాదాపు 10 పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. మధ్యలో సెన్సర్ రకం మారిస్తే బిడ్డ మారినట్టు కనబడుతుంది. పై పరిమితి ఎంత? ఇన్‌వోస్ 95 దగ్గర ఆగిపోతుంది, దాని పైన ఏం జరుగుతోందో చెప్పదు. మన దెబ్బతిన్న బిడ్డలు ఆ కొసనే ఉంటారు. సెన్సర్ ధర ఎంత, దొరకడానికి ఎన్నాళ్లు? ఒక్కొక్కటీ వేలల్లో ఉంటుంది, ఒక బిడ్డకే పనికొస్తుంది. మానిటర్ దానంగా వచ్చి, సెన్సర్లకు బడ్జెట్ లేకపోతే ఆరు నెలల్లో అది బీరువా మీదికెక్కుతుంది.

డీసీఎస్: నిజంగా ప్రవాహాన్ని చూసేది

గుణుపురం దగ్గర వంశధారలో ఎండ పడ్డప్పుడు నీటి తళుకు చూడండి. నీరు నెమ్మదిగా ఉంటే తళుకు నెమ్మదిగా కదులుతుంది, వడి పెరిగితే గబగబా మిణుకుతుంది. డిఫ్యూజ్ కోరిలేషన్ స్పెక్ట్రోస్కోపీ, పొట్టిగా డీసీఎస్, చేసేది ఇదే. స్థిరమైన లేజర్ కాంతిని, సాధారణంగా 785 లేదా 850 నానోమీటర్ల దగ్గర, నుదుటిలోకి పంపిస్తారు. రెండు సెంటీమీటర్ల దూరంలో బయటికొచ్చే కాంతిని సన్నని సింగిల్ మోడ్ ఫైబర్‌తో పట్టి, ఫోటాన్లను ఒక్కొక్కటిగా లెక్కిస్తారు. ఎర్రకణాలు ఎంత వేగంగా కదిలితే మిణుకు అంత త్వరగా మారుతుంది. దాన్నుంచి రక్తప్రవాహ సూచీ వస్తుంది.

సూచీ అన్న మాట మరవకూడదు. అది చదరపు సెంటీమీటర్లు సెకనుకు అన్న కొలతలో వస్తుంది, పాఠ్యపుస్తకంలోని 100 గ్రాములకు నిమిషానికి మిల్లీలీటర్లలో రాదు. ఒక బిడ్డలో ఈ పూటకూ రేపటికీ తేడా చెప్పడానికి ఇది గట్టిది. ఇద్దరు బిడ్డలను పక్కపక్కన పెట్టి పోల్చడానికి బలహీనమైనది. ఎందుకంటే లెక్కలో మెదడు కాంతిని ఎంత చెదరగొడుతుందో ముందే ఊహించాలి. ఆ ఊహలో 10 శాతం తప్పితే సూచీలో దాదాపు 20 శాతం తప్పుతుంది. హిమాటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) మారినా సూచీ మారుతుంది, కాబట్టి రక్తం ఎక్కించిన సమయం చార్టులో రాయకపోతే తర్వాత గీత ఎందుకు విరిగిందో ఎవరికీ అర్థం కాదు.

కార్బన్ డయాక్సైడ్ కూడా ఇక్కడే కొంప ముంచుతుంది. అది తగ్గితే మెదడు నాళాలు ముడుచుకుంటాయి. బ్లడ్ గ్యాస్ యంత్రం రక్తాన్ని 37 డిగ్రీలకు వేడిచేసి కొలుస్తుంది. యంత్రం 40 చూపిస్తే 33.5 డిగ్రీల బిడ్డ ఒంట్లో నిజంగా ఉన్నది సుమారు 34. వెంటిలేటర్‌ను కాస్త గట్టిగా నడిపితే ఇంకా పడిపోతుంది, డీసీఎస్ గీత కిందికి దిగుతుంది, చూసినవాళ్లు మెదడు చచ్చిపోతోందనుకుంటారు. ఉష్ణోగ్రత సవరించిన అంకె వాడతారా, సవరించనిదా అన్నది యూనిట్ అంతా ఒకే మాట అనుకుని గోడ మీద రాసిపెట్టుకోవాలి. షిఫ్టుకొక పద్ధతి అయితే ప్రవాహ పరికరం ఎంత మంచిదైనా వృథా.

కదలిక దీనికి శత్రువు. బిడ్డ ఒళ్లు విరుచుకున్నా, నర్సు కఫం తీసినా, ఫైబర్ గాలికి ఊగినా ప్రవాహం పెరిగినట్టే కనబడుతుంది. ఫైబర్లను మంచం రైలుకు టేపుతో బిగించాలి, కఫం తీసిన నిమిషాలను గుర్తుపెట్టి లెక్కలోంచి తీసేయాలి. లేజర్ డయోడ్ వేడెక్కితే తరంగదైర్ఘ్యం డిగ్రీకి సుమారు 0.3 నానోమీటర్ జరుగుతుంది, ఒక్కోసారి ఉన్నట్టుండి దూకుతుంది. దూకిన క్షణం కొలత చెడుతుంది. చంద్రపూర్ వేసవిలో ఏసీ ఆగిపోయిన గదిలో ఇది తప్పకుండా ఎదురవుతుంది. యూపీఎస్‌తో పాటు గది ఉష్ణోగ్రత నిలకడగా ఉండాలి. లేజర్‌కు చర్మం మీద చదరపు సెంటీమీటరుకు సుమారు 0.3 వాట్ పరిమితి ఉంది, అందుకే కొసన కాంతిని వెడల్పు చేసే డిఫ్యూజర్ ఉండి తీరాలి. ప్రోబ్ ఊడితే లేజర్ దానంతటదే ఆగే ఏర్పాటు లేని పరికరాన్ని పసిబిడ్డ దగ్గరికి రానీయకండి. కళ్లకు కప్పు తప్పనిసరి.

ఖర్చు చూస్తే ఇది ఇప్పటికీ ఎక్కువగా పరిశోధన సామగ్రే. నడపడానికి ఒక ఇంజనీరు కావాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి, ఇంటివాళ్లకు అర్థమయ్యే భాషలో సమ్మతి పత్రం ఉండాలి. బరంపురంలో ఒడియా పత్రం, నాందేడ్‌లో మరాఠీ పత్రం సిద్ధంగా ఉంటుంది. తెలుగు ఇంట్లో పుట్టిన బిడ్డకు తెలుగు పత్రం కూడా రాయించాలి.

రెండూ కలిస్తే అసలు జవాబు వస్తుంది. డీసీఎస్ ప్రవాహ సూచీని, నిర్స్ వాడకం వాటాను, ధమని శాతాన్ని, హిమోగ్లోబిన్‌ను గుణిస్తే మెదడు ఆక్సిజన్ ఖర్చు సూచీ దొరుకుతుంది. కాంతి చెదరడాన్ని ఊహించకుండా కొలిచే ఫ్రీక్వెన్సీ డొమైన్ నిర్స్‌తో కలిపితే పైన చెప్పిన 20 శాతం తప్పు చాలావరకు పోతుంది. 2014లో డెహాస్ బృందం ఈ జంటతోనే కూలింగ్ సమయంలో ప్రవాహం, ఖర్చు రెండూ తగ్గడం కొలిచింది. పరిశోధనకు డబ్బు ఉన్న మెడికల్ కాలేజీకి మా సలహా ఈ జంటే. ఒక్క డీసీఎస్‌ను కొని ఆగిపోతే సగం ప్రశ్న మిగిలిపోతుంది.

మిగతావి, తొందరగా

డిఫ్యూజ్ ఆప్టికల్ టోమోగ్రఫీలో టోపీ నిండా కాంతి మూలాలు, డిటెక్టర్లు ఉంటాయి. మూర్ఛ మెదడులో ఎక్కడ మొదలై ఎటు పాకుతోందో బొమ్మగా చూపగలదు. కానీ చల్లబడ్డ చర్మం మీద మూడు రోజులు టోపీ బిగించి ఉంచలేం. ఒకటి రెండు గంటల పరిశోధనకు సరే. తల మాత్రమే చల్లబరచే టోపీ పద్ధతిలో అసలు చోటే ఉండదు. ఒళ్లంతా చల్లబరచే పద్ధతిలోనే నుదురు మనకు మిగులుతుంది.

లేజర్ స్పెకిల్ (లేజర్ వెలుగులో కనబడే చుక్కల నమూనా) కాంట్రాస్ట్ పద్ధతిలో కెమెరాతో అందమైన రంగుల బొమ్మలు వస్తాయి. బొమ్మలు చూసి ఎస్‌ఎన్‌సీయూకు ఇది కావాలనిపించవచ్చు. అది పైపైన మిల్లీమీటరు లోపే చూస్తుంది, బిడ్డ చర్మం పుర్రె దాటి మెదడును చూడలేదు. చిట్టెలుక, ఎలుక పిల్లల ప్రయోగశాలకు మాత్రం దీన్ని మించినది లేదు. 785 నానోమీటర్ల లేజర్, 5 నుంచి 10 మిల్లీసెకన్ల ఎక్స్‌పోజర్, ఒక్కో స్పెకిల్‌కు కనీసం రెండు పిక్సెళ్లు వచ్చేలా లెన్స్ అపర్చర్ పెట్టుకోవాలి. పుర్రె ఎండిపోతే నిశ్చలంగా చెదిరే కాంతి పెరిగి ప్రవాహం తగ్గినట్టు కనబడుతుంది, సెలైన్‌తో తడుపుతూ ఉండాలి. చల్లబరచిన కిటికీ (ఎలుక పుర్రె మీద బొమ్మ తీయడానికి పెట్టే గాజు) మీద బరంపురం లాంటి సముద్రపు గాలి ఊళ్లో మంచు పడుతుంది, ఆ మంచూ బొమ్మను చెడగొడుతుంది. కిటికీ మీదుగా పొడి గాలి మెల్లగా పంపిస్తే సరిపోతుంది.

కాంతితో పని లేని డాప్లర్ అల్ట్రాసౌండ్‌ను కూడా పక్కన పెట్టి చూడాలి, ఎందుకంటే అది చాలా జిల్లా ఆసుపత్రుల్లో ఇప్పటికే ఉంది. మాడు గుండా ముందువైపు మెదడు ధమనిలో రెసిస్టివ్ ఇండెక్స్ (ప్రవాహానికి నాళాలు ఎంత అడ్డుపడుతున్నాయో చెప్పే కొలత) చూస్తారు. 0.55 కంటే తక్కువైతే నాళాలు విప్పారిపోయాయని, భవిష్యత్తు బాగోదని పాత లెక్క. కూలింగ్ మొదలయ్యాక ఆ లెక్క బలం తగ్గిందని తర్వాత తేలింది. ప్రోబ్‌ను మాడు మీద గట్టిగా నొక్కితే ఇండెక్స్ పెరుగుతుంది, ధైర్యం అబద్ధంగా వస్తుంది. రోజుకు రెండు మూడు సార్లు చూసే తనిఖీగా వాడుకోండి, నిరంతర మానిటర్‌లా నమ్ముకోకండి.

ఎక్కడికి ఏది

సిరోంచ, గుణుపురం, కిన్వట్ లాంటి చోట్ల ఏ కాంతి పరికరమూ కొనకండి. అక్కడ బిడ్డ మెదడును కాపాడేది మొదటి నిమిషంలో పట్టే బ్యాగ్ అండ్ మాస్క్. గడ్చిరోలిలో సెర్చ్ సంస్థ ఊరి ఆడవాళ్లకే ఊపిరి అందించడం నేర్పింది. డబ్బుంటే మలద్వారంలో పెట్టే ఉష్ణోగ్రత ప్రోబ్ కొనండి, 6 గంటల్లోపు కూలింగ్ కేంద్రానికి చేర్చే ఏర్పాటు చేయండి. సిరోంచకు తన జిల్లా కేంద్రం కంటే గోదావరి దాటితే వరంగల్ దగ్గర. రాయగడ వైపు నుంచి కొందరు బరంపురం కంటే విశాఖకే మొగ్గుతారు. ఎటు పంపాలో ముందే ఫోన్‌లో మాట్లాడి ఉంచాలి. దారిలో వార్మర్ ఆపి వదిలేస్తే కొరాపుట్ కొండల చలికి బిడ్డ 33 కంటే కిందికి జారిపోతుంది, అదీ ప్రమాదమే. 15 నిమిషాలకొకసారి ఉష్ణోగ్రత రాసుకుంటూ వెళ్లాలి.

కూలింగ్ చేస్తున్న కేంద్రానికి ముందు ఈఈజీ, తర్వాతే నిర్స్. ఈ వరుస మార్చవద్దు. మూర్ఛ కనిపెట్టని యూనిట్‌కు మెదడు ఆక్సిజన్ అంకె సాయం చేయదు. ఈఈజీ ఉన్నచోట ఒక నిర్స్ మానిటర్, పసిబిడ్డల సెన్సర్లతో, వాడకం వాటా లెక్కించే కాగితంతో పెట్టుకుంటే చికిత్స మారే సందర్భాలుంటాయి. అంకె ఒక్కసారిగా పడిపోతే ముందు సెన్సర్ అంటుకుని ఉందా అని, ఆ వెంటనే రక్తపోటు, హిమోగ్లోబిన్, కార్బన్ డయాక్సైడ్ చూస్తారు. నెమ్మదిగా పెరిగి 24 గంటల తర్వాత పైనే ఉండిపోతే ఇంటివాళ్లతో మాట్లాడడానికి సిద్ధమవుతారు. అమ్మమ్మకు చెప్పేటప్పుడు "ఆక్సిజన్ అందుతోంది, మెదడు దాన్ని తినడం లేదు" అంటే వెంటనే అర్థమవుతుంది.

సెన్సర్ల లెక్క వేసేటప్పుడు చాలామంది 72 గంటలకే వేస్తారు. వేడెక్కించే గంటల్లో మెదడు ఖర్చు మళ్లీ పెరుగుతుంది, మూర్ఛలు తిరిగొచ్చేదీ, రక్తపోటు జారేదీ ఆ వేళలోనే. 33.5 నుంచి 36.5కి గంటకు 0.25 చొప్పున వెళ్తే 12 గంటలు పడుతుంది. ఆ తర్వాత ఇంకో 12 గంటలు నుదుటి మీదే ఉంచాలి. అంటే 96 గంటలు. చెమట, నూనె, చర్మం ఎర్రబడడం వల్ల ఒక సెన్సర్ అన్నాళ్లు నిలవదు. బిడ్డకు రెండు చొప్పున, ఏడాదికి వచ్చే బిడ్డల సంఖ్యకు ఇంకో నాలుగు కలిపి ఇండెంట్ పెట్టండి.